చక్రాల మీద కొలువు

దేవరాజన్ ప్రాణమంతా ఒక్క బోల్టు మీదే ఉంది.

నిరుడు నవరాత్రుల్లో అతని బొమ్మ రైలు బల్ల ఊగి పక్కనున్న కొలువు మెట్టుకు తగిలింది. భార్య లోగనాయకి పుట్టింటి నుంచి తెచ్చుకున్న మట్టి చెట్టియమ్మ బొమ్మ కిందపడి మెడ విరిగింది. మెట్టు మీది బొమ్మ పచారీ కొట్టు ముందు ఆమె మొగుడు చెట్టియారు ఒంటివాడయ్యాడు. లోగనాయకి ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేదని ఏడాదంతా కుమిలాడు మహానుభావుడు.

ఈసారి మెట్లకొకటి, రైలుకొకటి, రెండు టేకు చట్రాలు చేశాడు. మూలమూలకీ ఏటవాలు ఊతకర్రలు, కింద బ్రేకులున్న చక్రాలు, రెండింటినీ కలుపుతూ బోల్టులు. పండగయ్యాక పట్టాలు విప్పకుండా పక్కగదిలోకి తోసుకోవాలని అతని ఆశ. దేవుడి పీటకు చక్రాలేందని ఆమె ముఖం చిట్లించింది. కొలువు పెట్టాక దశమి దాకా కదపకూడదు మరి. కదపనని మాటిచ్చాడు.

కొలువు పెట్టిన నాలుగు రోజులకే నడిమి బోల్టు కిర్రుమంది. ఇవాళ రేపంటూ వాయిదా వేశాడు. తీరా ఆయుధ పూజనాడు చూస్తే స్పానర్ కుంకుమ పెట్టుకుని పూజలో కూర్చుంది. మర్నాటి దాకా దాన్ని ముట్టకూడదు.

ఆ సాయంత్రమే వాళ్ళ ఊరు నెల్లితోపు మీద వాన విరుచుకుపడింది. మిద్దె సరిగ్గా కొలువు నెత్తిన కారడం మొదలుపెట్టింది. బొమ్మలను ఎత్తకూడదు, ఎత్తకుంటే రంగులు కారిపోతాయి. దేవరాజన్ మిద్దె వైపు చూస్తూ నిలబడిపోయాడు.

కూతురు జనని రైలు ప్లగ్గు పీకేసింది. లోగనాయకి కొంగు దోపుకుంది.

"బొమ్మల్ని ఎవరూ ఎత్తొద్దు. తేరు లాగినట్టు లాగుదాం. ఏంది, చూస్తా నిలబడినారు? బ్రేకులు తీయండి."

"నడిమి బోల్టు లూజుగా ఉండాది. నేను బిగించలా," అన్నాడతను.

ఆమె ఒక్క క్షణం అతన్ని చూసింది. పూజలో ఉన్న స్పానర్ వైపు మాత్రం చూడలేదు.

"అయితే చేత్తో పట్టుకోండి."

అతను చట్రం కిందికి దూరి రెండు చట్రాలు కలిసే చోటును రెండు చేతులా బిగించి పట్టుకున్నాడు. తల్లీకూతుళ్ళు వాన కారని వైపుకు తోశారు. పైన బొమ్మలు టకటకలాడిన ప్రతిసారీ అతను పట్టు ఇంకా బిగించాడు. నేల పలకల సందులో ఒక చక్రం తట్టుకుని ఆగింది. దేవరాజన్ కళ్ళు మూసుకున్నాడు. ఇంకోసారి తోస్తే దాటింది. ఏదీ పడలేదు.

బ్రేకులు వేసి బయటికొచ్చేసరికి లోగనాయకి బీరువాలోంచి చెట్టియమ్మను తెచ్చింది. మెడ చుట్టూ సన్నటి అతుకు గీత. ఎప్పుడు అతికించిందో అతనికి తెలియదు. విరిగిన బొమ్మ మెట్టెక్కకూడదు కాబట్టి, పక్క చట్రం మీది బొమ్మ రైలు స్టేషన్‌లో, మెట్టు మీది చెట్టియారుకు ఎదురుగా నిలబెట్టింది.

"రైలు వదలండి," అంది. "మెల్లిగా."