గంటా యాభై నిమిషాల విమానం

మా ఊరి నుంచి మేనకోడలు ఉద్యోగం చేసే ఊరికి గాల్లో పదకొండు వందల నలభై కిలోమీటర్లు, విమానంలో గంటా యాభై నిమిషాలు. ఇరవై ఏళ్లుగా విమానం టికెట్లు అమ్ముతున్నవాణ్ణి, నిద్రలో లేపి అడిగినా చెబుతాను. "నీ నోట్లో ఉన్నది నాలుక కాదురా, టైం టేబులు" అని అక్క వెక్కిరించేది.

ఆ అక్కే ఇప్పుడు ఆసుపత్రి మంచం మీద, ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతో ఉంది. తెల్లవారుతూనే డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి, "సాయంత్రం దాకా కష్టమండీ. రావాల్సినవాళ్లను పిలిపించండి" అన్నాడు. రావాల్సింది ఒక్కతే, అక్క కూతురు. తొమ్మిదిన్నర విమానానికి నేనే టికెట్ తీశాను.

సరిగ్గా తొమ్మిదిన్నరకి అక్క చెవిలో చెప్పాను. "బయల్దేరిందక్కా. గంటా యాభై, అంతే."

అక్క ముఖంలోకి ప్రాణం లేచొచ్చింది. అంతలో ఫోను మోగింది. వరండాలోకి పరిగెత్తాను.

"మామయ్యా, పొగమంచు! ఇంకా ఎక్కించనే లేదు. ఎప్పుడంటే చెప్పట్లేదు. అమ్మ ఉంటుందా?"

రైలుకి పదహారు గంటలు, బస్సుకి ఇంకా ఎక్కువ. తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేశాను, అరిచాను, బతిమాలాను. మంచుతో ఎవరు మాట్లాడగలరు? ఊళ్లో వాళ్లందర్నీ ఎక్కడెక్కడికో చేర్చాను, సొంత అక్క దగ్గరికి ఒక్క పిల్లని తేలేకపోయాను. తగలెయ్యనా నా అనుభవం!

లోపలికొచ్చి కూర్చుని విమానం నడపడం మొదలుపెట్టాను.

"కిటికీ సీటే ఇప్పించానక్కా." "మంచినీళ్లిచ్చుంటారు." "సగం దూరం వచ్చేసింది, ఇంకో ఐదొందల డెబ్బై."

ప్రతి మాటకీ అక్క తలూపి ఊపిరి కూడదీసుకునేది. నేను ఆపితే ఆ ఊపిరి కూడా ఆగిపోతుందని భయం. గంటా యాభై దాటాక, రన్‌వే ఖాళీ లేదట, ఊరి మీదే చక్కర్లు కొడుతోందన్నాను. ఆ తర్వాత గాలి ఎదురన్నాను. నోటికొచ్చిందల్లా చెప్పాను.

చివరికి అక్క వేలు కదిపింది. వంగాను.

"ఒరేయ్... నీ వెనకాల... గోడ గడియారం ఉందిరా."

తిరిగి చూశాను. పొద్దున్నుంచీ దానికి వీపు పెట్టి కూర్చున్నాను. ఒంటిగంటా పది.

"గంటా యాభై విమానాన్ని... ఎంతసేపు తిప్పుతావురా. అలిసిపోయావు. ఇక దించెయ్."

ఏడుపు ఆగలేదు. "ఎక్కనే లేదక్కా. మంచు."

"తెలుసులే. దానికి ఫోను కలుపు."

కలిపి చెవికి ఆనించాను. అవతలి గొంతు నాక్కూడా వినిపించింది. "అమ్మా, పిలుస్తున్నారమ్మా! ఎక్కుతున్నా. గంటా యాభై నిమిషాలే, ఉండమ్మా!"

"నిదానంగా రా తల్లీ," అంది అక్క. "తొందరేం లేదు."

విమానం ఒకటీ నలభైకి లేచింది. అక్క రెండింటికి పోయింది. గాల్లో ఉన్న పిల్లకి చెప్పే దారి లేదు. ఇంకో గంటన్నర, దిగేదాకా, ఆ పిల్లకి తల్లి ఉంది.