మేనేజరు మాస్టారి పేరు

గురువారం వచ్చిందంటే ప్రత్తిపాడులో ఏడింటికల్లా వంటలు అయిపోయేవి. వంట కానివాళ్ళు ఊరగాయ మెతుకులతో సరిపెట్టుకునేవాళ్ళు. పంచాయతీ ఆఫీసు వరండాలో బల్ల మీద టీవీ, దాని ముందు చాపలు, చాపల వెనక బెంచీలు, బెంచీల వెనక సైకిలు దిగకుండా ఒంటికాలి మీద ఆగిన మగవాళ్ళు. సైకిల్ షాపు సుభానీ డాబా ఎక్కి యాంటెన్నా తిప్పుతుండేవాడు.

“వచ్చిందా?”

“రాలా.”

“ఇప్పుడో?”

“మాట వచ్చింది, మనిషి రాలా.”

మనిషి కూడా వచ్చాక పేరు పడేది, ‘బేళ్ళూ బిల్లులూ’ అని. అదొక పత్తి మిల్లు ఆఫీసు కథ. పదమూడు వారాల నవ్వుల నాటకం. అందులో కూర్చుని నిద్రపోయే గుమాస్తా, చెవుడున్న కాషియరు, టైపిస్టు రెబ్కా, వీళ్ళందరి నెత్తిన మేనేజరు. రెబ్కా ఎవరికైనా ఎదురు జవాబు చెప్పిందంటే, చెప్పి ఊరుకునేది కాదు, మిషన్ని ఒకసారి టింగుమనిపించేది. మిరప కల్లాల్లో ఆడవాళ్ళు ఆ టింగుని ఎప్పుడో పట్టేశారు. “మీ ఇంట్లో కూర మాడిందటగా?” అని ఒకామె అంటే, “మాడినా మీ గిన్నె మా గుమ్మం ముందే ఉంటదిగా, టింగ్” అని రెండో ఆమె. ఊళ్ళో రెబ్కా ఫోటో దొరికుంటే చాలా ఇళ్ళలో దేవుడి పటాలు కాస్త పక్కకి జరిగేవి.

మేనేజరు వేషం వేసింది ఊరివాడే. హైస్కూలు తెలుగు మాస్టారు రాధాకృష్ణమూర్తి. నాటకాల్లో బహుమతులు కొట్టినవాడు. సెలవు పెట్టి హైదరాబాదు వెళ్ళి, పదమూడు వారాలదీ ఒక్కసారే నటించేసి వచ్చాడు. చివరికి ఏమవుతుందని ఎంతమంది అడిగినా చెప్పలేదు. భార్య బాలసరస్వతి అడిగితే, “నువ్వు ఆడవాళ్ళతో కూర్చుని చూడు, అప్పుడే బాగుంటుంది” అన్నాడు. ఆయనకి మాత్రం టీవీ పక్కనే పేము కుర్చీ వేసేవాళ్ళు. ఆమె ముందు వరస చాప మీద కూర్చునేది. మేనేజరు భార్యని కాబట్టి కాస్త తగ్గి నవ్వాలేమో అని మొదటి వారం అనుకుంది. రెండో వారానికి ఆ సంగతి మర్చిపోయింది.

ఆమె పక్కన సర్దార్‌బీ కూర్చునేది. ఎండు మిరపకాయలకి తొడిమలు తీసే ఆడవాళ్ళకి సర్దార్‌బీ మేస్త్రి. దానితోపాటు ఊళ్ళోకి వచ్చేవాటి మీద పెత్తనం కూడా ఆమెదే. కల్లాల మీద కాయ ఆరబోసి ఉన్నప్పుడు దక్షిణాన మబ్బు పట్టిందనుకోండి, రైతులు పరుగెత్తి ఆమెను పిలిచేవాళ్ళు. ఆమె తలెత్తి చూసి, “రేపట్నుంచి రానక్కర్లేదు” అనేది. మబ్బు రేపట్నుంచి వచ్చేది కాదు. కోతులూ అంతే, హుస్సేన్ సాహెబ్‌కి రోజూ వచ్చే ఎక్కిళ్ళూ అంతే. ఆ పూటకి మాత్రం ఆమె మాట పనిచేయదు. రేపట్నుంచే. అందుకని రైతులు ఒకరోజు ముందే చెప్పుకునేవాళ్ళు.

పదమూడో వారం వచ్చింది.

మిల్లు యజమాని ఆఫీసు చూడటానికి వచ్చాడు. మేనేజరు చెప్పి రాయించిన ఉత్తరంలో తప్పుందని రెబ్కా ఆయన ముందే చూపించి, సరిచేసిన కాగితం చేతిలో పెట్టింది. యజమాని మెచ్చుకుని కారెక్కాడు. చాపలు విరగబడి నవ్వాయి. ఇక రెబ్కాని హెడ్‌క్లర్కు చేయడమే తరువాయి అనుకున్నారంతా.

అప్పుడు మేనేజరు కళ్ళజోడు తీశాడు. చొక్కా అంచుతో నెమ్మదిగా తుడిచాడు. గొంతు పెంచకుండా, దాదాపు ముద్దుగా, “రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదమ్మాయ్” అన్నాడు.

రెబ్కా మిషను మీద గుడ్డ కప్పింది. పేర్లు పడటం మొదలైంది. అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో మాస్టారి పేరు.

“ఎంత సహజంగా చేశాడురా” అని వెనక బెంచీల్లో ఎవరో గొణిగారు. బాలసరస్వతికి మాత్రం అందులో నటన ఎక్కడుందో కనపడలేదు. తొమ్మిదేళ్ళ కిందట, పెళ్ళయిన కొత్తలో, ఆమె టైపు హయ్యరు పరీక్ష పాసై, ఆ కాగితం పట్టుకుని గుంటూరు నుంచి బస్సు దిగి ఇంటికొచ్చింది. ఇన్‌స్టిట్యూటు వాళ్ళు అక్కడే నేర్పమని అడిగారని కూడా చెప్పింది. అప్పుడూ ఆయన కళ్ళజోడు తీశాడు. ఇలాగే తుడిచాడు. “రేపట్నుంచి నువ్వు వెళ్ళక్కర్లేదు సరసూ” అన్నాడు, ఇదే గొంతుతో. తేడా రావడానికీ వెళ్ళడానికీ, అంతే. ఈ డైలాగు కంఠతా రావడానికి ఆయనకి ఎక్కువసేపు పట్టి ఉండదు.

మాస్టారు కుర్చీలోంచి లేచి, చప్పట్లకి దణ్ణం పెట్టడానికి చేతులు సగం జోడించి నిలబడ్డాడు. “ఎట్లా ఉంది?”

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పోస్టుమాన్ బాపయ్య గొంతు సవరించుకున్నాడు. “ఆ పిల్ల చేసిన తప్పేంటండి మాస్టారూ?”

“అది నాటకం బాపయ్యా. రాసినాయన రాశాడు, నేను చెప్పాను.”

“చెప్పనంటే సరిపోయేదిగా.”

“అట్లా కుదరదయ్యా.”

“మరి ఆ పిల్ల ఇప్పుడెక్కడికి పోద్ది?” అంది చాప మీద నుంచి ఒకామె.

“ఎక్కడికీ పోదు. ఆ వేషం వేసినమ్మాయి హైదరాబాదులో లక్షణంగా ఉంది. బ్యాంకులో ఉద్యోగం.”

“ఇక్కడ పీకిందీ మీరే, బ్యాంకులో వేయించిందీ మీరేనా?” అన్నాడు సుభానీ డాబా మీద నుంచి తొంగిచూస్తూ.

నవ్వారు. మాస్టారు ఆ నవ్వుని తనవైపు లెక్కేసుకున్నాడు. అక్కడితో ఆపితే బాగుండేది. “అసలు సంగతి వినండి. రెండో విడత తీస్తున్నారు. దానికి మేనేజరే ప్రాణం. నాకు రిజిస్టరు కవరు వస్తుంది, సంతకం పెట్టి పది రోజుల్లో పంపాలి. టైపిస్టులదేముంది, వీధికొకరు దొరుకుతారు.”

బాలసరస్వతి చాప అంచు పుల్ల ఒకటి విరిచింది. సర్దార్‌బీ లేచి నిలబడింది.

“ఆ మాట నాది మాస్టారూ. మబ్బుల్ని అంటా, కోతుల్ని అంటా. పనికొచ్చిన మనిషిని మాత్రం ఒక్కనాడు అనలా.”

“ఈయనకి నిద్ర రాకుండా చెయ్ పెద్దమ్మా” అన్నాడు సుభానీ.

“వద్దులే. నిద్ర రాకపోతే తెల్లవార్లూ పద్యాలు పాడతాడు, చచ్చేది మనం” అన్నాడు బాపయ్య.

“జీతం?”

“సరస్వతమ్మ ఏం తింటదిరా?”

“పోనీ సిగ్గు.”

“ఇంతవరకూ రానిదాన్ని నేనెట్టా మానిపిస్తానురా?” అంది సర్దార్‌బీ. “వచ్చేదాన్నే వద్దనగలను.”

ఈసారి నవ్వు వీధి చివరి దాకా పోయింది. అది తగ్గేదాకా ఆగి ఆమె మాస్టారి వైపు తిరిగింది. “పెద్దక్షరాల్లో పడిందిగా ఇందాక, ఆ పేరు. రేపట్నుంచి ఈ ఊళ్ళో ఎవరి నోటికీ, ఎవరి చేతికీ రానక్కర్లేదు.”

శుక్రవారం బడిలో హెడ్మాస్టరు నౌకరుని పిలిచి, “తొమ్మిదో తరగతికి ఆయన్ని వెళ్ళమను, అదే, ఆయన్ని” అని చెయ్యి గాలిలో తిప్పాడు. ఎంత తిప్పినా పేరు చిక్కలేదు. చివరికి “మేనేజరుని” అన్నాడు. ఆ మాట నున్నగా వచ్చింది. మధ్యాహ్నానికి ఊరంతటికీ అదే వచ్చింది. హాజరు పుస్తకంలో మాస్టారు పెట్టిన సంతకం వానపాములా నాలుగు వంకర్లు పోయి గడి దాటింది.

సాయంత్రం ఆయన పెరట్లో నూతి గట్టు దగ్గర నిలబడి తన పేరు తనే పలకబోయాడు. మొదటి అక్షరం వచ్చింది. “రా... రా...” అన్నాడు. వీధి కుక్క తోకాడించుకుంటూ వచ్చి కాళ్ళ దగ్గర కూర్చుంది. వెళ్ళగొడితే వెళ్ళింది. ఆయన మళ్ళీ పలకబోయాడు, అది మళ్ళీ వచ్చింది.

ఊరు ఆ వారం నూట నలభై కార్డులు రాసింది, టీవీవాళ్ళకి. రెబ్కాని తిరిగి తీసుకోమని సగం, తీసుకోకపోతే టీవీని బావిలో పడేస్తామని సగం. మేనేజరు పేరు ఎవరి కలానికీ రాలేదు కాబట్టి, ‘ఆ దుర్మార్గుడు’ అని రాసి కింద గీత గీశారు. మాస్టారు వరండాలో కూర్చుని ఉండగానే బాపయ్య ఆ కార్డుల కట్ట విప్పి, చిరునామాలు సరిచూసుకునే నెపంతో రెండు మూడు పైకి చదివాడు.

కవరు కోసం మాస్టారు రోజులు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాడు. బడి నుంచి రాగానే “వచ్చిందా?” అనేవాడు. కొత్త పంచెలు కొన్నాడు. రెండో విడతలో మేనేజరుకి కారు ఇస్తారట, విడిగా గది ఇస్తారట. ఆ సంగతులు చెప్పేటప్పుడు ముఖం వెలిగేది, చివర తన పేరు దగ్గరకొచ్చి ఆరిపోయేది. ఒకరోజు భార్యతో, “నువ్వు వెళ్ళి ఆ ముసల్దాన్ని అడుగు. మీరిద్దరూ పక్కపక్కన కూర్చుంటారుగా” అన్నాడు.

బాలసరస్వతి కల్లానికి వెళ్ళింది. ఎర్రటి కాయల మధ్య సర్దార్‌బీ తొడిమలు తీస్తోంది. ఘాటుకి ఇద్దరికీ కళ్ళు నీళ్ళు కారాయి, ఏడుపుతో సంబంధం లేకుండా.

“ఆయన పేరు మళ్ళీ రమ్మని అనవా పెద్దమ్మా?”

“పొమ్మనడమే వచ్చమ్మా నాకు. రమ్మనడం రాదు.” సర్దార్‌బీ ఇంకో గుప్పెడు కాయలు ఒళ్ళో పోసుకుంది. “నీ నోటికీ రావట్లేదా?”

“నేనెప్పుడూ అనలేదుగా. పెళ్ళిలో గుమ్మం దగ్గర ఆపి చెప్పమన్నా చెప్పలేదు. మా అత్తగారు మెచ్చుకుంది.”

సర్దార్‌బీ చేతులు ఆగాయి. బాలసరస్వతి ముఖంలోకి ఒకసారి చూసింది. “అట్టాగా” అని, మళ్ళీ తొడిమల్లో పడింది.

ఇంటికి నడుస్తున్నంతసేపూ బాలసరస్వతి పెదవులు గట్టిగా మూసుకుంది, పుక్కిట పాలు పట్టుకుని నడిచే మనిషిలా.

కవరు బుధవారం వచ్చింది. ఆ రోజు బడికి సెలవు. బాపయ్య గుమ్మంలో నిలబడి దాన్ని వెలుతురుకి పెట్టి చూశాడు. టైపు కొట్టిన అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. చూస్తే కనపడుతున్నాయి, చదవబోతే జారిపోతున్నాయి.

“రిజిస్టరుది. పేరు చెప్పి పుచ్చుకోవాలి” అన్నాడు.

“నాదేనయ్యా అది. టీవీవాళ్ళ నుంచి.”

“కావచ్చండి. పేరు చెప్పండి, ఇచ్చేస్తా.”

మాస్టారి మెడ నరాలు తేలాయి. “రా... రా...”

“వచ్చానుగా” అన్నాడు బాపయ్య.

“పన్నెండేళ్ళుగా నాకు ఉత్తరాలిస్తున్నావు బాపయ్యా. నేనెవరో నీకు తెలీదా?”

“తెలుసండి. మేనేజరుగారు. ఈ కవరు మీద ఆ మాట లేదు.” బాపయ్యకి నవ్వొచ్చింది కానీ డ్యూటీలో ఉన్నాడని మింగేశాడు. “ఇంట్లోవాళ్ళెవరైనా చెప్పినా చాలండి. రూలు ఒప్పుకుంటుంది.”

ఇద్దరూ బాలసరస్వతి వైపు తిరిగారు.

ఆమె వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. మాస్టారు రెండడుగులు దగ్గరికొచ్చాడు. తొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆయన గొంతు బతిమాలింది. “చెప్పవే సరసూ. తప్పు లేదు, నేనే చెప్పమంటున్నాగా. ఒక్కసారి అను.”

ఆమె నాలుక కదిపింది. పేరు అక్కడే ఉంది. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా, ఒక్కటి కూడా చెక్కుచెదరకుండా. ఊరందరి నోళ్ళలోంచీ పోయింది గానీ, ఇక్కడికి ఎప్పుడూ రాకపోవడం వల్ల ఇక్కడి నుంచి పోవడం దానికి తెలియలేదు. పెదవులు విప్పితే చాలు. విప్పితే రేపటి బస్సుకి ఆయన హైదరాబాదు వెళతాడు. కళ్ళజోడు తీస్తాడు, తుడుస్తాడు. ఇంకో పదమూడు వారాలు, ఇంకెవరో పిల్లకి.

ఆమె కొంగు భుజం మీదుగా నిండా కప్పుకుంది.

“అయ్యో, ఆయన పేరు నేనెట్లా చెప్తాను బాపయ్యగారూ. మర్యాద కాదుగా” అంది.

బాపయ్య గడప మీదే కూర్చుని, కవరు వెనక ‘ఈ పేరు గలవారు లేరు’ అని రాసి, సైకిలెక్కి వెళ్ళిపోయాడు. మాస్టారు వీధి మలుపు దాకా ఆ కవరు వెంట వెళ్ళాడు. బాలసరస్వతి లోపలికెళ్ళి బియ్యం కడిగింది.

రెండో విడత వానాకాలంలో మొదలైంది. కొత్త మేనేజరు వచ్చాడు, ఎవరో బొద్దుగా ఉన్నాయన. వచ్చీరాగానే పాత కాగితాలు తిరగేసి, రెబ్కాని వెనక్కి పిలిపించాడు. ఆమె తలుపు తీసుకుని లోపలికి రాగానే పంచాయతీ వరండా చప్పట్లతో మోగింది. ఆడవాళ్ళు ఏడ్చారు, ఈసారి మిరపకాయలు లేకుండానే. రెండు వారాలు గడిచేసరికి మాత్రం బెంచీల మీద సణుగుడు మొదలైంది.

“ఈయనకి కోపం సరిగ్గా రావట్లేదురా” అన్నాడు సుభానీ.

“పాతాయనే నయం. ఆయన కళ్ళజోడు తీస్తే ఒళ్ళు జలదరించేది” అన్నాడు బాపయ్య.

“ఎవరూ, ఆయనేనా? పేరేంటబ్బా...”

“అదే. నాలిక మీదే ఉంది.”

పేము కుర్చీ అప్పటికి లోపల పెట్టేశారు. మాస్టారు చాప మీద భార్య పక్కన కూర్చుని ఉన్నాడు. ఆ మాటలు విని నిటారుగా అయ్యాడు. కళ్ళు మెరిశాయి. వెనక్కి తిరిగి వాళ్ళందరికీ కనపడేలా మోకాళ్ళ మీద లేచి, “సరసూ, విన్నావా, నా గురించే” అన్నాడు.

బాలసరస్వతి టీవీ మీద నుంచి చూపు తిప్పకుండానే ఆయన భుజం మీద చెయ్యి వేసి మెల్లగా కిందకి నొక్కింది.

“తల వంచండి. వెనకవాళ్ళకి రెబ్కా కనపడట్లేదు.”