అర్థం అడగని మంగళవారాలు

వారం మొత్తంలో నేను కుర్చీలో వెనక్కి వాలి టీ తాగేది మంగళవారం మధ్యాహ్నమే. మిగతా రోజులన్నీ నా భార్య థెల్మా వెనకే తిరుగుతాను. పొయ్యి ఆర్పిందా, కళ్ళజోడు ఫ్రిజ్‌లో పెట్టిందా, వానలో కోటు లేకుండా వీధిలోకి వెళ్ళిపోయిందా, ఇదే పని. విసుగు రాదా అంటే వస్తుంది. ఆమె మీద చూపించలేక గిన్నెల మీద చూపిస్తాను.

మంగళవారం మెథడిస్టు చర్చి వెనక హాల్లో స్క్రాబుల్ క్లబ్బు, అక్షరాల బిళ్ళలతో మాటలు పేర్చే ఆట. దాన్ని పెట్టింది థెల్మానే, మా ఊరు టాడ్‌మర్డన్‌లో లైబ్రరీ ఉద్యోగం చేసే రోజుల్లో. గోడ మీద ఫ్రేము కట్టించిన నియమం కూడా ఆమె చేతిరాతే. బోర్డు మీద ఏ మాటైనా పెట్టు, ఎదుటివాళ్ళు అర్థం అడిగితే మాత్రం చెప్పాలి. చెప్పలేకపోతే బిళ్ళలు తీసెయ్యాలి, నీ వంతు పోయినట్టే. వేరే ఊళ్ళ క్లబ్బులవాళ్ళు ఇది విని నవ్వుతారు. వాళ్ళకు మాట నిఘంటువులో ఉంటే చాలు. "అర్థం తెలీని మాట పెట్టడం పక్కింటావిడ కోటు తొడుక్కుని పెళ్ళికెళ్ళడం లాంటిది" అనేది థెల్మా.

ఆ రోజుల్లో ఆమె ఎదురుగా కూర్చోవాలంటే అందరికీ హడలే. ఒకసారి మా క్లబ్బు డెస్మండ్ 'కనాత్' అని పెట్టి, అదేదో ఎడారి దేశాల సంగతి అని నసిగాడు. "ఎడారి సంగతులు బోలెడుంటాయి. కనాత్ అంటే నీళ్ళు పారడానికి భూమి లోపల తవ్విన కాలవ. తియ్యి బాబూ, తియ్యి" అని బిళ్ళలన్నీ తీయించింది. 'ఆక్స్టర్' అంటే చంక. 'వగ్' అంటే రాతి లోపలి చిన్న గుల్ల. 'కెక్స్' అంటే ఎండిపోయి లోపల బోలుగా మిగిలిన కాడ. పెళ్ళయిన కొత్తలో ఇవన్నీ పక్కమీద కూడా విన్నవాణ్ణి నేను.

ఇప్పుడూ మాటలకు కొదవలేదు. బిళ్ళలు ముందు పెడితే ఆమె వేళ్ళు వాటంతటవే కదులుతాయి, ఎవరూ ఊహించని మాట బోర్డు మీదికి వస్తుంది. అర్థాలే పోయాయి.

ఎవరూ కూడబలుక్కోలేదు. వేసవిలో ఒక రోజు డెస్మండ్ అర్థం అడగబోయి, ఆమె మొహం చూసి, బిస్కెట్లు కావాలా అని మాట మార్చాడు. అప్పటినుంచి ఆమెను ఎవరూ అడగలేదు. ఆమె గెలుస్తూ వచ్చింది. నేను చూస్తూ టీ తాగుతూ వచ్చాను. తను పెట్టిన నియమానికి తనే దొరికిపోతే ఆ పొగరుబోతు మళ్ళీ ఆ గుమ్మం తొక్కదని నాకు తెలుసు. ఆమెకు మిగిలింది ఆ ఒక్క చోటు. నాకు మిగిలిన తీరికా అదే.

నవంబరులో బ్రోన్విన్ వచ్చింది. వేల్స్ నుంచి అక్క దగ్గర ఉందామని మా ఊరు చేరిన మనిషి, పెద్ద గొంతు, వదులు స్వెట్టరు. థెల్మాను అర్థం అడగొద్దని కొత్తవాళ్ళ చెవిలో ముందే ఊదే పని డెస్మండ్‌ది. ఆ రోజు అతను వేణ్ణీళ్ళ డ్రమ్ము కుళాయి కారుతోందని దానితో కుస్తీ పడుతున్నాడు. అతను తల తిప్పేసరికి బ్రోన్విన్ వెళ్ళి థెల్మా ఎదురుగా కూర్చుంది.

కాసేపటికి థెల్మా మూడు బిళ్ళలు పెట్టింది. 'జాక్స్'.

"అర్థం ఏంటండీ?" అంది బ్రోన్విన్.

డెస్మండ్ కుళాయి వదిలేసి ఇటు తిరిగాడు.

"బ్రోన్విన్, నీ టీ చల్లారిపోతోంది తల్లీ" అన్నాడు డెస్మండ్.

"తాగుతాలెండి. అడగొచ్చని గోడ మీద రాసుందిగా."

నేను లేచాను. "థెల్మా, వాన ముదిరేలా ఉంది. ఇంటికి పోదామా?"

"కూర్చో సిరిల్. ఆవిడ అడిగింది నన్ను."

జాక్స్ అంటే ఒక పనిముట్టు, అది థెల్మా పుట్టింట్లో వెనక తలుపు పక్కన మేకుకు వేలాడుతూ ఉండేది. మా పెళ్ళి మాట ఎత్తడానికి నేను వెళ్ళిన రోజున వాళ్ళ నాన్న దానికి పదును పెడుతున్నాడు. భయంతో నేను వచ్చిన పని చెప్పకుండానే తిరిగొచ్చేశాను. ఈ కథ చెప్పి చెప్పి థెల్మా నన్ను ఎంత ఏడిపించిందో లెక్కలేదు. ఇప్పుడు ఆ బిళ్ళల వంక చూస్తూ కూర్చుంది.

"తెలీదు" అంది. ఒక్కొక్క బిళ్ళా తీసి తన ముందున్న చిన్న చెక్క పట్టీ మీద పెట్టుకుంది. తర్వాత తల తిప్పకుండానే అడిగింది. "నన్ను ఎవరూ అడక్క ఎన్నాళ్ళయింది?"

డెస్మండ్ కుళాయి వైపు తిరిగాడు. చెప్పక తప్పలేదు నాకు. "వేసవి నుంచి."

"అయితే నేను గెలిచినవన్నీ మీరు వేసిన ముష్టి."

"అలా కాదు థెల్మా."

"మరెలా?"

ఇక కోటు అడుగుతుందనుకుని కొక్కెం వైపు నడిచాను. ఆమె బ్రోన్విన్ వైపు వంగింది.

"నీకు తెలుసా అదేంటో?"

"ఇంటి పైకప్పుకు వేసే పలకరాయిని చెక్కే కత్తండీ. వెనకవైపు ముల్లుంటుంది, మేకుకు చిల్లు కొట్టడానికి. మా ఊళ్ళో ఇంటికొకటి ఉండేది."

"తెలిసీ అడిగావా?"

"మీరేం చెబుతారో విందామని."

థెల్మా నా వైపు తిరిగింది. "సిరిల్, మా నాన్న ఏం పని చేసేవాడు?"

"పైకప్పులు వేసేవాడు."

"అయితే నాకు తెలిసుండాల్సిందే" అంది మామూలుగా. స్కోరు కాగితంలో ఆ వరసలో తన పేరు కింద సున్నా తనే వేసుకుంది. "వచ్చే మంగళవారం నుంచి ఈవిడతోనే ఆడతాను. మీరెవరూ వద్దు. నువ్వు కూడా నన్ను దింపేసి వెళ్ళిపో."

మరుసటి మంగళవారం దింపేశాను. నాకు కావలసిన తీరిక దొరికింది, ఏం చేసుకోవాలో తెలియక కారులోనే కూర్చున్నాను. వాన అద్దం మీద జారుతోంది. హాలు కిటికీలోంచి బ్రోన్విన్ అడగడం, థెల్మా తల అడ్డంగా ఊపడం, బిళ్ళలు తీసెయ్యడం కనిపిస్తున్నాయి. తర్వాత బ్రోన్విన్ ఏదో చెబుతుంటే గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింటోంది. నాకు కుళ్ళుగా ఉంది, దాచడమెందుకు. మందు వేసుకున్నావా, చలేస్తోందా అని తప్ప ఇంట్లో నేను ఆమెను ఏదీ అడగడం లేదు. ఏది అడిగితే ఏది లేదని తెలుస్తుందోనని భయం.

ఆ సాయంత్రం ఆమె బూట్లు విప్పి కాళ్ళకు పొడి మేజోళ్ళు తొడుగుతూ అడిగాను.

"థెల్మా, కెక్స్ అంటే ఏంటి?"

చాలాసేపు ఆలోచించింది. నా నడుం పట్టేసింది, అయినా అలాగే వంగి ఉన్నాను.

"తెలీదు" అంది. "నువ్వు చెప్పు."

చెప్పాను. తెల్లారాక మళ్ళీ అడగాలి.