జంపక్క చెప్పిన పేరు

జంపక్క మొగుడు పోయి ఆరేళ్లు. ఆమె కడుపు పెరగడం మొదలై ఐదు నెలలు. ఈ రెండూ కలుపుకుని ఊరు తీర్పు చెప్పేసింది.

"వాని పేరు చెప్పు. చెప్పిందాక బోరింగు కాడికి రాకు," అన్నాడు బావ పగిడయ్య, పంచాయితీలో. ఊరి పెద్ద ఆయనే.

"ఎవ్వడూ లేడు బావా," అన్నది జంపక్క.

చర్ల అవతల ఆ ఊరికి ఉన్నది ఒక్కటే బోరింగు. ఆనాటినుంచి ఆమె వాగు నీళ్లే తాగింది. నలభై ఎనిమిదేళ్ల మనిషిని ఒంట్లో ఎట్లా ఉందని అడిగే బుద్ధి ఒక్కరికీ పుట్టలేదు.

ఆయాసం ఎక్కువై భద్రాచలం దవాఖానాకు బయల్దేరితే పగిడయ్య వెంట వచ్చాడు. తోడుకు కాదు, సాక్ష్యానికి.

స్కానింగు చేసిన డాక్టరు పద్మప్రియ తెర వాళ్లవైపు తిప్పింది. "ఇది గర్భసంచి, ఖాళీగా ఉంది. పక్కన అండాశయంలో ఈ నల్లటి గడ్డ చూడండి. గట్టిది, అందుకే వెనకంతా నీడ పడింది. చుట్టూ ఉన్నది నీరు. క్యాన్సర్‌లా కనిపిస్తుంది గానీ, అరుదుగా ప్రమాదం లేని గడ్డలూ ఇట్లాగే ఉంటాయి. తీసి పరీక్షిస్తేనే తేలుతుంది."

జంపక్క చెవిన పడింది ఖాళీ అన్న మాటొక్కటే. ప్రాణం లేచొచ్చింది.

పగిడయ్య గోడ మీది బోర్డును కూడబలుక్కుని చదివాడు. ఆడో మగో చెప్పడం నేరమని ఉంది.

"మీరు చెప్పగూడదు డాక్టరమ్మా. మాకు తెల్సు."

"పిల్ల కాదయ్యా, గడ్డ."

"అవ్. మీరు గట్లనే అనాలె."

ఆపరేషన్ చేశారు. తాటికాయంత గడ్డను మందునీళ్ల డబ్బాలో వేసి, ఖమ్మం ల్యాబులో ఇచ్చి రమ్మని రోగి తరఫు మనిషి చేతిలో పెట్టారు. రోగి తరఫు మనిషి పగిడయ్యే. బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని మాటిమాటికీ లోపలికి చూశాడట. కాళ్లూ చేతులూ కనిపించలేదట. జూలూరుపాడు దాటాక చూడడం మానేశాడట.

పదిహేను రోజులకు రిపోర్టు వచ్చింది. క్యాన్సర్ కాదు. జంపక్క గడ్డ పేరును తెలుగులో రాయించుకుంది.

ఈసారి పంచాయితీ పెట్టించింది ఆమె. ఖాళీ బిందెతో వచ్చి కూర్చుని, కాగితం పగిడయ్యకు ఇచ్చింది.

"పేరు అడిగినవు గదా బావా. సదువు. అందరికీ ఇనబడాలె."

"ఫై... బ్రో... మా."

"మల్ల."

మళ్లీ చదివాడు. ఎవరూ నవ్వలేదు.

జంపక్క బిందెను ఆయన ముందుకు జరిపింది. "నెల దాకా బరువు ఎత్తొద్దన్నది డాక్టరమ్మ. నువ్వూ ఇన్నవు గదా."

పగిడయ్య బిందె తీసుకుని బోరింగు దగ్గరికి నడిచాడు.