గోడకు రెండు క్లిప్పులు

ఆసుపత్రి లాండ్రీలో వాళ్ళిద్దర్నీ అసలు పేర్లతో పిలిచినవాళ్ళు లేరు. ఒకావిడ పొడుగమ్మ, ఇంకొకావిడ పొట్టమ్మ. ఈ పేర్లు ఎవరు పెట్టారో గానీ, పెట్టడానికి పెద్దగా బుర్ర ఖర్చు చెయ్యలేదని తెలుస్తూనే ఉంటుంది. ఉతికి ఆరిన దుప్పట్లు మడత పెట్టడం వాళ్ళ పని. చెరో వైపు రెండేసి కొసలు పట్టుకుని, ఒక్క దులుపు దులిపి, ఎదురెదురుగా నడిచొచ్చి కొసకి కొస కలపాలి. పొట్టమ్మ చెయ్యి ఎంత ఎత్తుకు లేస్తే అంతే ఎత్తులో దుప్పటి సమంగా నిలుస్తుంది కాబట్టి, పొడుగమ్మే వంగేది. ముప్ఫై ఏళ్ళు అలా వంగీ వంగీ, చివరికి ఊరికే నిలబడ్డా ఎవరి మాటో వింటున్నట్టు కాస్త ముందుకు ఒరిగే ఉండేది ఆ మనిషి.

దుప్పటి దుప్పటికీ ఎదురుపడాలి కనక కబుర్లు కూడా ముక్కలు ముక్కలుగానే సాగేవి. దగ్గరికొచ్చినప్పుడు గుట్టు మాట, దూరం జరిగినప్పుడు నలుగురూ వినదగ్గ మాట. భర్త పోయాక పొడుగమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకున్నది ఆ మడతల మధ్యే. పొట్టమ్మ కూతుర్ని పొడుగమ్మ కొడుక్కి చేసుకునే మాట నడిచిందీ అక్కడే. ఒక వార్డు దుప్పట్లు పూర్తయ్యేలోపు సంబంధం ఖాయం చేసేశారు. అప్పటిదాకా మాటవరసకి వదినా అని పిలుచుకున్నవాళ్ళు ఆ తర్వాత నిజంగానే వదినలయ్యారు.

"ఇక నన్ను వదిలించుకోవడం నీ వల్ల కాదు వదినా" అంది పొట్టమ్మ అప్పుడు. వదిలించుకోవాలని ఎవరనుకున్నారు గనక?

ఇద్దరికీ ఒకే నెలలో వయసైపోయింది, అంటే ఆసుపత్రివాళ్ళ లెక్కలో. చివరి రోజున చెరో గోడగడియారం చేతికిచ్చి పంపారు. ఇక టైము చూసుకోవాల్సిన అవసరమే లేనివాళ్ళకి గడియారం ఎందుకో ఆ ఇచ్చినవాళ్ళకే తెలియాలి. తీసుకెళ్ళడానికి కొడుకూ కోడలూ పాపని ఎత్తుకుని గేటు దగ్గరికి వచ్చారు. అక్కడ పొట్టమ్మ ఉన్నట్టుండి ఆగి, పొడుగమ్మ చెయ్యి పట్టుకుని పాప నెత్తిన పెట్టింది.

"మళ్ళీ పిలుస్తారు వదినా, వీళ్ళ సంగతి నాకు తెలుసు. పిలిచినా లాండ్రీ గుమ్మం తొక్కకూడదు. చేసింది చాలు. పాప మీద ఒట్టు వెయ్యి."

"ఒట్లెందుకు? రానంటే రాను."

"వేస్తే నీ సొమ్మేం పోయింది? నేనూ వేస్తా."

ఇద్దరూ ఒట్టు వేసుకున్నారు. పొడుగమ్మకి ఒట్లంటే భయం. అందులోనూ పాప మీద.

ఇంట్లో పనికి కొదవేం లేదు. పొద్దున్నే కొడుకూ కోడలూ ఒకళ్ళ వెనక ఒకళ్ళు పరుగుమీద బయటపడితే, చీకటి పడే వేళకి వాడిపోయిన మొహాలతో తిరిగొచ్చేవాళ్ళు. రాగానే "పాప తిన్నదా" అనేవాళ్ళు. తర్వాత "పాప పడుకుందా" అనేవాళ్ళు. నువ్వు తిన్నావా అని అడగకూడదని వాళ్ళకేం పంతం లేదు, తోచదు, అంతే. లాండ్రీలో అయితే ఒక్క రోజు మానేస్తే మర్నాడు ఏమైందేమైందని ప్రాణం తీసేవారు. వెళ్ళిన రోజు సాయంత్రానికి తెల్లటి మడతలు గుట్టలుగా లేచేవి. ఇదీ ఇవాళ నేను చేసింది అని కళ్ళారా చూసుకుని ఇంటికొచ్చేది. పిల్లని పెంచడంలో అలా ఏదీ కంటికి ఆనదు. పాపంటే ప్రాణమే. ప్రాణమైనంత మాత్రాన పొద్దస్తమానం దానితో బొమ్మలాటలాడుతూ కూర్చోవాలంటే ఎవరికైనా ఊపిరాడదు. ఈ మాట పైకి అంటే నానమ్మ కాదు, రాక్షసి అంటారు. కాబట్టి పొడుగమ్మ అనలేదు.

సాయంత్రం పూట వీధి చివరున్న సిమెంటు బెంచీ మీద పొట్టమ్మతో కూర్చునే ఆ కాసేపే ఆవిడకి రోజుకంతటికీ మిగిలిన మాట. పొట్టమ్మ పక్క వీధిలో ఒక్కతే ఉండేది. పాప ఇసకలో ఆడుకుంటుంటే ఇద్దరూ లాండ్రీవాళ్ళందర్నీ పేరుపేరునా తిట్టుకుని, నవ్వుకుని లేచేవాళ్ళు.

కొన్నాళ్ళకి సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు. "పొడుగమ్మా, కొత్తవాళ్ళతో వేగలేకపోతున్నాను. ఒక్క చోటు ఖాళీ ఉంది. మీరొస్తానంటే రేపే వచ్చెయ్యండి."

పొడుగమ్మ గుండె ఎంత కొట్టుకుందంటే, ఫోన్లో అవతలికి వినబడుతుందేమోనని రిసీవరు మీద చెయ్యి అడ్డం పెట్టుకుంది. కళ్ళముందు గుట్టలు గుట్టలుగా దుప్పట్లు కనబడ్డాయి. కానీ ఒక్కతే ఎలా వెళ్తుంది? ఒట్టు ఒకటుంది. ఒట్టు లేకపోయినా పొట్టమ్మని బెంచీ మీద ఒంటరిగా కూర్చోబెట్టి తను పోయి పనిలో చేరితే, ఏ మొహం పెట్టుకుని మళ్ళీ వదినా అని పిలుస్తుంది?

"రాలేను సార్" అంది.

"పోనీ పొట్టమ్మని అడగనా?"

"అడగండి, ఆవిడ అస్సలు రాదు" అని నవ్వేసింది కూడా, పిచ్చిమాలోకం. ఈ సంగతి పొట్టమ్మకి చెప్పలేదు. చెబితే పాపం దానికీ మనసు పీకుతుందని కడుపులోనే దాచుకుంది.

ఆ తర్వాత కొద్ది రోజులకే పొట్టమ్మ బెంచీ దగ్గరికి రావడం తగ్గించింది. అడిగితే మోకాలు నొప్పంది. రోజూ మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా ఫిజియోథెరపీ అంది. కోడలు కూడా "అవునత్తయ్యా, అమ్మ అస్సలు నడవలేకపోతోంది" అని పక్కనుంచి వంత పాడింది. కొడుకు బుర్ర ఊపాడు.

ఇక పొడుగమ్మ ఊరుకుంటుందా? ఎవరో చెప్పిన ఆకులన్నీ తెచ్చి, నూరి, నూనెలో కాచి సీసాకి పట్టింది. ప్రతి ఆదివారం పక్క వీధికి వెళ్ళి, పొట్టమ్మని కుర్చీలో కూర్చోబెట్టి, తను నేల మీద చతికిలబడి ఆ మోకాళ్ళకి నూనె రాసింది. రాస్తున్నంతసేపూ పొట్టమ్మ కళ్ళు మూసుకుని "హాయిగా ఉంది వదినా" అనేది. హాయిగా ఎందుకుండదు?

ఒక రోజు మధ్యాహ్నం పాప చెవి పట్టుకుని ఒకటే ఏడుపు. పాపని ఎప్పుడూ ఆ లాండ్రీ ఉన్న ఆసుపత్రికే, అదీ కోడలే తీసుకెళ్ళేది. ఆ రోజు ఆఫీసుకి ఫోన్ చేస్తే మీటింగులో ఉందన్నారు. కొడుకు ఫోనే ఎత్తలేదు. పొడుగమ్మ పిల్లని భుజాన వేసుకుని తనే బయల్దేరింది. డాక్టరమ్మ చెవిలోకి లైటు వేసి చూసి, చుక్కలమందు వేసి, భయం లేదంది. నొప్పి తగ్గి పాప కిందకి దిగింది.

"రా, నానమ్మ పని చేసిన చోటు చూపిస్తా" అంది పొడుగమ్మ. గుమ్మం బయట నిలబడి చూస్తే ఒట్టు తప్పినట్టు కాదని తనకి తనే సర్దిచెప్పుకుంది.

చూపించాల్సిన అవసరం రాలేదు. పాప ఆవిడ వేలు పట్టుకుని తనే లాక్కుపోయింది. ఎక్స్‌రే గది దాటింది, మందుల కొట్టు పక్కనుంచి తిరిగింది, స్ట్రెచర్లు దిగే ఏటవాలు దారి మీద చెయ్యి విడిపించుకుని పరుగెత్తింది. ఒక్కచోటైనా తడుముకోలేదు. ఈ దారి దీనికెలా తెలుసా అనుకుంటూ పొడుగమ్మ వెనకే నడిచింది.

"అమ్మమ్మా" అని పాప లాండ్రీ లోపలికి దూసుకుపోయింది.

లోపల పొట్టమ్మ ఉంది. నొప్పన్న ఆ మోకాళ్ళతోనే నిటారుగా నిలబడి దుప్పటి మడత పెడుతోంది. ఎదురుగా మనిషెవరూ లేరు. గోడకి రెండు పెద్ద ఇనప క్లిప్పులు బిగించి ఉన్నాయి. దుప్పటి రెండు కొసలూ వాటికి తగిలించి, తను రెండు కొసలూ పట్టుకుని నడిచి వెళ్ళి కలుపుతోంది. క్లిప్పులకి పైన, బాగా ఎత్తులో, గోడకి రెండు పాత రంధ్రాలు ఉన్నాయి. మొదట అక్కడ బిగించినట్టున్నారు. అందక కిందకి దింపించుకున్నట్టుంది. ఇప్పుడవి సరిగ్గా పొట్టమ్మ ఎత్తున ఉన్నాయి. ఆవిడ కోసం ఇక ఎవరూ వంగక్కర్లేదు.

పొడుగమ్మని చూసి పొట్టమ్మ మొహాన కత్తివాటుకి నెత్తురు చుక్క లేదు.

"మోకాళ్ళెలా ఉన్నాయి వదినా?" అంది పొడుగమ్మ గుమ్మం బయటి నుంచే.

పొట్టమ్మ దుప్పటి వదిలేసి దగ్గరికొచ్చింది. "చెబుదామనే అనుకున్నాను."

"ఎప్పుడు? నేను నూనె రాస్తున్నప్పుడా?"

"అలా మాట్లాడకు. ఇంట్లో ఉండలేకపోయాను వదినా. ఒక్కదాన్ని. పొద్దున లేస్తే గోడలు, పడుకుంటే గోడలు. నీకైతే ఇంటినిండా మనుషులున్నారు."

"నేను ఉండగలుగుతున్నానని నీకెవరు చెప్పారు? నాకు ఫోనొస్తే రానన్నాను, తెలుసా? నువ్వు ఒంటరిదానివైపోతావని రానన్నాను."

"తెలుసు. సూపర్‌వైజర్ చెప్పాడు."

"తెలిసే చేరావా?"

పొట్టమ్మ తల దించుకుంది. "నీకు ఇష్టం లేక రానన్నావేమో అనుకున్నాను."

"నిజంగా అలాగే అనుకున్నావా?"

"లేదు" అంది పొట్టమ్మ.

"మరి పాప మీద వేసిన ఒట్టు?"

"ఒట్టు తీసి గట్టున పెట్టానులే. అసలు ఆ ఒట్టు నా బుర్రలో పుట్టింది కాదు వదినా, నామీద ఒక్కదాని మీదే కోపం పెట్టుకోకు. మా అమ్మాయీ మీవాడూ వేయించమన్నారు. నువ్వు మళ్ళీ పనిలోకి వెళ్ళిపోతే పాపని చూసేదెవరని వాళ్ళ బెంగ. నా దగ్గర పిల్ల నిలవదు కదా. నువ్వు ఒట్టు వేస్తే దాటవని అందరికీ తెలుసు."

అందరికీ తెలుసు. ఆ మాట పొడుగమ్మకి మెడ మీద కొట్టినట్టు తగిలింది. తనకి ఒట్టంటే భయమన్న సంగతిని ముగ్గురూ కూర్చుని పనిముట్టులా వాడుకున్నారు. కొంగలా వంగి ముప్ఫై ఏళ్ళు ఎవరి ఎత్తుకి సరిపోయిందో, ఆ మనిషే గేటు దగ్గర తన చెయ్యి పట్టుకుని పాప నెత్తిన పెట్టింది. అది గుర్తొస్తే పొడుగమ్మకి అసహ్యం వేసింది. పాపకి చెవి నొప్పి ఒట్టు తప్పినందుకే వచ్చిందేమోనని కూడా ఒక్క క్షణం అనిపించి, ఛీ ఇదేం పాడు బుద్ధి అని తనని తనే తిట్టుకుంది. పిల్లని ఎత్తుకుని వచ్చేసింది.

సాయంత్రానికి ఫోన్లు నడిచినట్టున్నాయి. కొడుకూ కోడలూ ఇద్దరూ తొందరగా వచ్చారు, తేలు కుట్టిన దొంగల్లాగా. కోడలు అడక్కుండానే టీ పెట్టింది. కొడుకు చెప్పులు కూడా విప్పకుండా తల్లి ముందు కూర్చున్నాడు.

"పాప కోసమే కదమ్మా. పరాయివాళ్ళ చేతిలో పెట్టలేక. నీకు మాత్రం ఇప్పుడు ఆ చాకిరీ ఎందుకు? హాయిగా రిటైరై ఇంట్లో..."

"నేనెక్కడ రిటైరయ్యానురా? నన్ను బదిలీ చేశారు. ఆ సంగతి నాకొక్కదానికే చెప్పలేదు."

"అడిగితే నువ్వు ఒప్పుకోవేమోనని అత్తయ్యా" అంది కోడలు సన్నగా.

"అడిగుంటే ఒప్పుకునేదాన్నే. పాపని చూడమంటే కాదంటానా? అడగలేదు. అడిగితే మళ్ళీ ఏదో ఒక రోజు కాదనే హక్కు నాకుంటుందని అడగలేదు."

టీ చల్లారిపోయింది. ఏమీ ఎరగని పాప వచ్చి నానమ్మ ఒళ్ళో ఎక్కి కూర్చుంది. ఆవిడ దాని జుట్టు సవరిస్తూనే ఉంది, కళ్ళనీళ్ళు కారుతూనే ఉన్నాయి.

మర్నాడు పొద్దున కొడుకూ కోడలూ బయల్దేరకముందే పొడుగమ్మ చెప్పులు వేసుకుంది. బస్టాండు వెనక లాడ్జీలో దుప్పట్లు ఉతికి మడిచే గది ఉందని ఆవిడకి తెలుసు. పాప గుమ్మం దాకా ఏడుస్తూ వచ్చింది. ఆ ఏడుపు వీధి మలుపు దాకా వినబడింది. ఆవిడ రెండుసార్లు ఆగింది కూడా. ఆగి, మళ్ళీ నడిచింది. పాపంటే ప్రాణం కాబట్టి ఆగింది, ఆ ప్రాణం మీదే తన చేత ఒట్టు వేయించారు కాబట్టి నడిచింది.

లాడ్జీ మేనేజరు ఆవిడని కింది నుంచి పైదాకా చూశాడు. "ఈ వయసులో ఎందుకమ్మా? ఇంట్లో చూసేవాళ్ళు లేరా?"

"ఉన్నారు బాబూ."

"మరి?"

"ఇంట్లోనూ పనే. ఇక్కడైతే దాన్ని పని అనే అంటారు."

ఆయనకేం అర్థమైందో గానీ లోపలికి దారి చూపించాడు.

వారం రోజులు ఇల్లు అతలాకుతలమైంది. కోడలు సెలవు పెట్టింది, తర్వాత కొడుకు పెట్టాడు, ఆ తర్వాత ఇద్దరూ కలిసి పిల్లల్ని చూసే చోటొకటి వెతకడం మొదలుపెట్టారు. పొడుగమ్మ సాయంత్రం ఇంటికొచ్చి, పాపకి అన్నం తినిపించి, పక్కన పడుకోబెట్టుకునేది. అది ఎవరూ చెయ్యమనలేదు. ఇక ఎవరూ చెయ్యమనరు కూడా.

ఆదివారం తలుపు చప్పుడైతే వెళ్ళి తీసింది. పొట్టమ్మ. ఏడ్చీ ఏడ్చీ కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"వదినా, నువ్వు తిట్టు, కొట్టు. లాండ్రీ మానేస్తానన్నా మానేస్తాను. నాతో ఎప్పటిలాగా మాట్లాడితే చాలు."

పొడుగమ్మ తలుపు బార్లా తీసి, మర్యాదగా పక్కకి తప్పుకుంది.

"రండి వదినగారూ, కూర్చోండి. మీ అమ్మాయి లోపలే ఉంది."