కుర్చీ కింద ఆరు బిళ్ళలు

మిట్టమధ్యాహ్నం. పాలిష్ మిషన్ గుర్రుమంటోంది, దాన్ని పట్టుకున్నవాడు బుర్ర వంచుకుని ఉన్నాడు. మోకాళ్ళ దాకా సిమెంటు బురద, మోకాళ్ళ లోపల పాతికేళ్ళ నొప్పి. ఇన్నేళ్ళుగా నేలలు అరగదీసి అరగదీసి, ఆ ఊపులో అమ్మానాన్నలు పెట్టిన పేరు కూడా అరగదీసుకున్నాడు. ఇప్పుడు అందరికీ నున్నన్నే.

పొద్దున మేస్త్రీ చెప్పింది ఒకటే మాట: "చౌరస్తా నుంచి పేము కుర్చీల షెడ్డు దాకా ఫుట్‌పాత్ పాలిష్ కొట్టెయ్. ఎల్లుండి పెద్దసార్లు వస్తున్నారు."

బూడిదరంగు బిళ్ళల నడుమ రెండడుగుల వెడల్పున పసుపు బిళ్ళల చాలు ఒకటి సాగింది. వాటి మీద పొడుగ్గా గట్లు, మలుపు దగ్గర గుండ్రటి బొడిపెలు. నున్నన్న చూసి నాలుక చప్పరించాడు. అచ్చు పొయ్యడం చేతకాని వెధవెవడో పాడుచేశాడు పాపం. నేలంటే అద్దంలా ఉండాలిగాని, మొటిమలు లేచిన మొహంలా ఇదేంటి? ఆ బొడిపెలు అరగడానికి మిషన్‌కి రెండుసార్లు రాళ్ళు మార్చాల్సొచ్చింది.

షెడ్డు గేటు దగ్గర పసుపు చాలు మీదే కుర్చీ వేసుకున్న వాచ్‌మన్ మాత్రం కదల్లేదు.

"కాస్త లేస్తావా బాబాయ్?"

"ఈ ఉద్యోగంలో చేరి పదకొండేళ్ళు. డ్యూటీలో ఇంతవరకు లేవలేదు. చరిత్ర పాడుచెయ్యకు."

నున్నన్న నవ్వేసి, కుర్చీ కిందివి వదిలి చుట్టూ కొట్టేశాడు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి అక్క గుమ్మంలో కూర్చుని పేము బద్దలు నానబెడుతోంది. ఆమెకి పుట్టుకతోనే చూపు లేదు. ఇరవై ఏళ్ళుగా ఆ షెడ్డులోనే ఆఫీసు కుర్చీలకి పేము అల్లుతోంది. ఆమె అల్లినదాని మీద కూర్చోని అధికారి ఊళ్ళో లేడు. ఆమె విన్నపాలు విన్న పాపాన పోయినవాడూ లేడు. షెడ్డుకి దారి కోసం మూడేళ్ళు అర్జీలు పెట్టింది. నాలుగో ఏడు ఎవరో పొరపాటున విన్నారు.

చౌరస్తాలో బస్సు దిగిన దగ్గర్నుంచి షెడ్డుకి మూడొందల అడుగులు. తడుముకుంటూ పోదామంటే పక్కన గోడ లేదు, ఉన్నవన్నీ బళ్ళే. ఇన్నాళ్ళూ షెడ్డులో జిగురు కాచే తాత ఎదురొచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేవాడు. ఈ నెలాఖరుకి తాత పని మానేస్తున్నాడు. నున్నన్నకి చూస్తే తెల్లారకముందే పని. "ఒక్కదానివే రాగలిగితే రా, లేకపోతే ఇంట్లో ఉండు" అని సూపర్‌వైజర్ తేల్చేశాడు.

"అక్కా, ఇవాళ మీ షెడ్డు దారే కొట్టాను" అన్నాడు నున్నన్న కాళ్ళు కడుక్కుంటూ. "ఏం బిళ్ళలే అవి, మనిషన్నవాడు నడిచేవి కావు. అరగదీసి అద్దం చేసి పడేశా."

అక్క చెయ్యి ఆగింది.

"ఏ రంగువిరా?"

"పసుపు."

"గట్లున్నాయా వాటి మీద? మలుపులో బొడిపెలు?"

"నీకెలా తెలుసు?"

"అర్జీలో నేనే రాయించాను గనక." అక్క గొంతు పెంచలేదు. "గట్లుంటే నడవమని, బొడిపెలుంటే ఆగమని. అరికాలికి తెలిసేలా."

నున్నన్న చెంబు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. నీళ్ళు వాటంతటవే కారిపోతున్నాయి.

"దారి అడిగానన్నావుగాని, ఇలాంటి దారని నాకు చెప్పలేదుగా అక్కా."

"అన్నీ అయ్యాక, నిన్ను షెడ్డు గేటు దగ్గర ఉండమని, బస్సు దిగి ఒక్కదాన్నే నడిచొచ్చి నీ ముందు నిలబడదామనుకున్నా."

అక్క ఏడవలేదు, తిట్టలేదు. నానిన బద్దని మళ్ళీ నీళ్ళలో వేసింది. రెండు తిట్టినా బాగుండు అనిపించింది అతనికి.

మర్నాడు నున్నన్న వెళ్ళి మేస్త్రీ కాళ్ళావేళ్ళా పడ్డాడు. పీకి కొత్తవి వేద్దాం, వారం రోజులు కూలి లేకుండా చేస్తానన్నాడు. మేస్త్రీ చుట్ట పక్కన పెట్టి మరీ నవ్వాడు.

"బిళ్ళ ఆరకముందే బిల్లు దాటిపోయింది నాయనా. ఇంజనీరుగారు ఎంత మురిసిపోయారో తెలుసా? వంగి చూస్తే మొహం కనబడుతోందట."

"చూపులేనివాళ్ళకి మొహం కనబడి ఏం లాభం అన్నా?"

"నేనూ అదే అంటున్నా. వాళ్ళకెలాగూ కనబడదు, మధ్యలో నీకేంటి బాధ?" మేస్త్రీకి ఉన్నట్టుండి గుర్తొచ్చింది. "అన్నట్టు మీ అక్కకి చూపులేదుగా? రేపు తీసుకురా. దారి మీద నడిచి చూపించడానికి ఒకరు కావాలి. ఫోటో తీస్తారు. నీ రోజు ఆరువందల మీద ఇంకో మూడొందలు వేస్తా. తేకపోతే నీ ఇష్టం. రోజూ పని మాత్రం నా ఇష్టం."

అక్కతో చెప్పడానికి నున్నన్నకి నోరు రాలేదు. ఆమే అడిగి చెప్పించుకుని, "పదరా, చూద్దాం" అంది. చూద్దాం అనే మాట ఆ ఇంట్లో ఆమె వాడినంతగా ఎవరూ వాడరు.

మూడోరోజు గేటుకి పది అడుగుల అవతల రిబ్బను కట్టారు. పైన బ్యానరు: అందరికీ అందే నగరం. వేదికకి అయిదు మెట్లు. సన్మానం చేస్తామని పిలిపించిన, కాళ్ళు లేని మూడు చక్రాల బండాయన మెట్ల కిందే ఉండిపోయాడు. పూలగుత్తిని పైనుంచే అందించారు. తర్వాత మాట్లాడారు. వేసిన బాట కంటే వేసిన మాట పొడుగు.

అక్కని రిబ్బను దగ్గరికి తెచ్చారు. ఆమె చెప్పులు విడిచి తమ్ముడికిచ్చి, ముందుకు పాదం పెట్టింది. పక్కకి పెట్టింది. వెనక్కి పెట్టింది. అంతా చల్లగా, నున్నగా, ఒకటే. కర్ర మొన జర్రున జారింది.

"నడమ్మా, తిన్నగా" అన్నాడు ఇంజనీరు.

"తిన్నగా అంటే ఎటు సార్?"

"దారి నీ కాళ్ళ కిందే ఉంది కదమ్మా."

"నా కాళ్ళ కింద ఏమీ లేదు సార్. మీ కాళ్ళ కింద ఉందేమో చూసుకోండి. నేను నడవను."

ఫోటో తీసేవాడు కెమెరా దించాడు. ఇంజనీరు మేస్త్రీ వైపు, మేస్త్రీ వాచ్‌మన్ వైపు చూశారు. ఎవరివో నల్లకళ్ళద్దాలు వాచ్‌మన్ మొహానికెక్కాయి, అక్క కర్ర అతని చేతికెక్కింది. పదకొండేళ్ళ చరిత్ర కుర్చీలోంచి లేచింది. చౌరస్తా దాకా ఎక్కడా తడబడకుండా, ఎదురొచ్చిన స్కూటర్‌కి పక్కకి తప్పుకుని మరీ నడిచాడు. చూపులేనివాళ్ళెవరూ అంత బాగా నడవలేరు. కళ్ళుంటేనే నడవగలిగే దారి మరి. చప్పట్లు కొట్టారు.

నున్నన్న అక్క చెయ్యి పట్టుకుని గేటు వైపు నడిపించాడు, వాచ్‌మన్ కుర్చీలో కాసేపు కూర్చోబెడదామని. ఎండ తగలకుండా కుర్చీ పక్కకి జరిపాడు. అక్క ఒక అడుగు వేసి ఆగిపోయింది. బొటనవేలితో నేల తడిమింది. గట్టు. దాని పక్కన ఇంకో గట్టు.

"ఒరేయ్" అంది మెల్లగా. "ఇక్కడుందిరా."

ఆరు బిళ్ళలు. మూడడుగుల పొడవు. మూడొందల అడుగుల్లో మిగిలిన మూడు.

కారెక్కబోతున్న ఇంజనీరు బూటు ఆ గట్టుకే తగిలింది. "ఏంటయ్యా, ఇక్కడ గరుగ్గా వదిలేశారు? కొట్టించెయ్, రేపు పేపర్లవాళ్ళు వస్తారు."

మిషన్ గేటు లోపలే ఉంది. మేస్త్రీ దాన్ని బయటికి లాగించి ప్లగ్గు నున్నన్న చేతిలో పెట్టాడు. కరెంటు బోర్డు జానెడు దూరంలో ఉంది.

"పెట్టరా."

నున్నన్న ప్లగ్గు వంక చూశాడు. దాని రెండు కాళ్ళూ నున్నగా మెరుస్తున్నాయి, పాతికేళ్ళుగా తన చెయ్యే వాటిని అరగదీసింది.

"పెట్టనన్నా."

"ఏంటి?"

"పెట్టను."

మేస్త్రీ అరవలేదు. అరిచేంత విషయం కాదు. "నువ్వు పెట్టకపోతే పెట్టేవాళ్ళు దొరకరనుకున్నావా? రేపట్నుంచి రాకు" అని, ప్లగ్గు లాక్కుని తనే బోర్డులో పెట్టాడు. మిషన్ గుర్రుమంది. నీళ్ళ డబ్బా కోసం ఎవరో పరుగెత్తారు.

అక్క ఆ చప్పుడు విని కూడా పక్కకి జరగలేదు. చేతిలో కర్ర లేదు, చౌరస్తా నుంచి అది ఇంకా రాలేదు. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, మడమకి వేలు ఆనించి వేస్తూ మూడడుగులు తిన్నగా నడిచింది. గట్లు అయిపోయిన చోట ఆగింది. వెనక్కి తిరిగి మళ్ళీ మూడడుగులు.