సీలు విరిగిన మీటరు

కానిస్టేబులు జగ్గారావును కాలరు పట్టుకుని వీధిలోకి ఈడ్చాడు. పోర్టులో బస్తాలు మోసి మోసి వెన్ను వంగిపోయిన ముసలాయన, అక్కడ అందరికీ మావ. కాళ్లకు చెప్పులు తొడుక్కోనివ్వలేదు. గుమ్మం పక్కన కరెంటు మీటరు పీకేసిన చోట రెండు తీగలు వేలాడుతున్నాయి.

చేపల గంపతో అప్పుడే అటొచ్చిన పోతమ్మ దారికి అడ్డంగా నిలబడింది.

"ఏటి బాబూ, మా మావ ఏటి సేసినాడు?"

"కరెంటు దొంగతనం," అన్నాడు మీటర్లు మార్చే కాంట్రాక్టరు శ్రీరామ్మూర్తి. పీకిన మీటరును పైకెత్తి వీధిలో అందరికీ చూపించాడు. "సీలు విరిచేసి చక్రం తిరక్కుండా చేశాడు. జైలుకి పోతాడు."

"ఈ సేతుల్తోనా? ముద్ద నోటికాడికెల్లే లోగా సగం రాలిపోద్ది ఈ మనిసికి."

కానిస్టేబులు ఆమెను పక్కకు తోశాడు. గంప జారి కిందపడింది. జగ్గారావును ఎక్కించుకుని జీపు ఆ చేపల మీదనుంచే వెళ్లిపోయింది. పోతమ్మ కిందికి వంగలేదు. జీపు మలుపు తిరిగేదాకా కళ్లార్పకుండా చూసింది.

దువ్వాడ దాపున ఉన్న ఆ కాలనీ వాళ్లంతా విశాఖ స్టీలు ప్లాంటు కోసం ఊళ్లు వదులుకున్నవాళ్లు. కూలి చేసి, చేపలమ్మి, ఏళ్ల తరబడి ఒక్కో గోడే లేపుకుని ఇళ్లు కట్టుకున్నారు. ఇప్పుడు కరెంటు ఆఫీసు కన్ను ఆ ఇళ్లలోని పాత మీటర్ల మీద పడింది. వాటి బదులు ఎలక్ట్రానిక్ మీటర్లట. అవి గుమ్మంలో ఉండవు. స్తంభం మీద, తాళం వేసిన ఇనప్పెట్టెలో ఉంటాయి. ఎంత తిరిగిందో ఇంటివాళ్లకు కనబడదు. ముందుగా పెట్టిన వీధుల్లో, ఇంట్లో దీపాలన్నీ ఆర్పినా ఆ పెట్టెలో యూనిట్లు లెక్కబెట్టే ఎర్రలైటు కొట్టుకుంటూనే ఉంది. ఇదేమిటని అడిగిన ప్రతి వీధిలోనూ మర్నాడు ఒక 'దొంగ' దొరికాడు.

ఆ మధ్యాహ్నం రేషను షాపు ముందు జనం పోగయ్యారు.

"గవర్నమెంటుతో మనకి తగువెందుకు?" అన్నాడు త్రినాథరావు. ప్లాంటులో పర్మినెంటు ఉద్యోగి. "పెట్టించేసుకుందాం. కేసంటే నా ఉద్యోగం ఏటైపోద్ది?"

"నీ ఉద్యోగం కోసం మావని దొంగని సేసెత్తావేటి?" అంది అతని పక్కింటి చిలకమ్మ.

"నానన్నాది అది కాదు."

"మరింకేటి?"

మాటా మాటా పెరుగుతుండగా నడివయసు మనిషొకడు జనాన్ని తోసుకుంటూ మధ్యకొచ్చాడు. కాంట్రాక్టరు దగ్గర మీటర్లు బిగించే కూలీ సింహాద్రి.

"సీలు ఇరిసింది నాను," అన్నాడు.

జనం మీదపడబోయారు. పోతమ్మ చెయ్యి అడ్డంపెట్టింది. "సెప్పనియ్యండి."

"శ్రీరామ్మూర్తి ఇరిసీమన్నాడు. ఈదికో దొంగని సూపిత్తే మిగతావోలు బయపడి నోరు మూసుకుంతారన్నాడు. కూలోణ్ణి, సేసినాను. నిన్న మా ఈదిలో కూడా మొదలెట్టినారు. మా తమ్ముణ్ణే దొంగన్నారు."

"ఈ మాట పోలీసోల ముందర సెప్తావా?"

"పని పోద్ది," అన్నాడు సింహాద్రి. "పోనీ. సెప్తాను."

త్రినాథరావు లేచి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్న కొత్త మీటర్ల లారీ వచ్చేసరికి కాలనీ ఆడవాళ్లు వీధి మొగలో ఉన్నారు. లారీ మీది నిచ్చెనలు దించేసి, రోడ్డుకు అడ్డంగా పరిచి, వాటి మీద కూర్చున్నారు.

"లేవండి," అని అరిచాడు శ్రీరామ్మూర్తి. "గవర్నమెంటు పనికి అడ్డమొస్తే తోలు తీయిస్తాను."

"మావనొగ్గండి," అంది పోతమ్మ. "పాత మీటరు పీకితే మా కళ్ల ముందర పీకాల. కొత్తది మా గుమ్మంలోనే ఉండాల. మా ఇంట్లో ఏటి తిరుగుతందో మాం సూసుకుంతాం."

"మీకు చూడ్డం వచ్చా?"

"సూసినాం కాబట్టే కూకున్నాం."

అతను కూలీల వైపు తిరిగి నిచ్చెనలు లాక్కోమన్నాడు. సింహాద్రి చేతిలోని కటింగ్ ప్లేయరు అతని కాళ్ల దగ్గర పడేశాడు. తక్కిన కూలీలు ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఆ ఆడవాళ్ల వెనకే వెళ్లి కూర్చున్నారు.

పోలీసులు లాఠీలతో దిగారు. చిలకమ్మ మోచెయ్యి విరిగింది. తల పగిలిన పోతమ్మను జుట్టు పట్టుకుని వ్యానెక్కించారు. సింహాద్రిని కొట్టుకుంటూ ఎక్కించారు. వెళుతూ వెళుతూ ట్రాన్స్‌ఫార్మరు దగ్గర కాలనీ మొత్తానికి కరెంటు తీయించేశారు.

"మీ వల్ల పసిపిల్లలు సైతం ఉక్కపోతలో చస్తున్నారు," అన్నాడు ఎస్సై, స్టేషన్లో. "తప్పయిందను. ఇంటికి పో."

పోతమ్మ గోడకు జారగిలబడిన జగ్గారావు పక్కన చతికిలబడి, తన కొంగుతో ఆయన మొహం తుడిచింది. ఆమె తలలోంచి నెత్తురు కారుతూనే ఉంది.

సాయంత్రానికి బయట రొద మొదలైంది. ఎస్సై కిటికీలోంచి చూశాడు. రోడ్డు కనబడలేదు, అంతా జనమే. పక్క కాలనీల వాళ్లొచ్చారు. గంపలు దించకుండానే చేపలమ్మే ఆడవాళ్లొచ్చారు. షిఫ్టు దిగిన ప్లాంటు కార్మికులు యూనిఫారాలతోనే వచ్చారు. వాళ్లను వెంటబెట్టుకొచ్చింది త్రినాథరావు. జగ్గారావును వదలమని అతనే అందరికంటే ముందు అరుస్తున్నాడు.

ఎస్సై గొంతు తగ్గించాడు. "వాళ్లని పొమ్మని చెప్పు. నిన్నూ ఈ ముసలాణ్ణీ ఇప్పుడే వదిలేస్తాను."

"మరి సింహాద్రో?"

"వాడి సంగతి వేరు."

పోతమ్మ లేవలేదు.

"ఆలని నాను పిల్నేదు బాబూ," అంది. "మావని కాలరట్టి ఈడిసినప్పుడే మీరు పిలిసేసినారు. పొమ్మంటే మీరే పొమ్మనండి."